పెదవికి ఆనించిన బల్బు

ఈమధ్య అనస్తాసియో మేస్త్రి బల్బు చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. ఎన్‌కర్నసియోన్ ఊరి బస్టాండు వెనక షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్లుగా కార్ల కరెంటు పని ఆయనది. ఐసునీళ్లు పోసిన ఆకుల పానీయం తెరెరె పీలుస్తూ, బ్యాటరీకీ దాని తీగకీ మధ్య చిన్న బల్బు తగిలిస్తాడు. బండి ఆపేసినా బల్బు వెలిగితే, ఎక్కడో ఛార్జి కారిపోతున్నట్టే. ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతాడు; ఏది పీకితే బల్బు ఆరుతుందో, దొంగ అక్కడే ఉంటాడు. టాక్సీ తోలే రుఫీనో, పొద్దున్నే బ్యాటరీ చచ్చిపోతోందంటూ మూడోసారి వచ్చాడు.

"బల్బు వెలగట్లేదురా. బ్యాటరీయే పోయింది, కొత్తది కొనుక్కో."

"ఇది కొని నెల కాలేదు మేస్త్రీ. బల్బు వెలుగుతూనే ఉందిగా."

"ఎండకి నీకలా అనిపిస్తోంది."

"నీడలోనే ఉన్నాం మేస్త్రీ."

మేస్త్రి తెరెరె గ్లాసు కింద పెట్టాడు. బల్బుని కింది పెదవికి ఆనించుకుని, వేళ్లతో తడుముతూ ఫ్యూజులు పీకాడు. ఏడోది పీకాక పెదవి మీద వెచ్చదనం పోయింది.

"డిక్కీ లైటు," అన్నాడు. పీకిన ఫ్యూజు రుఫీనో చేతిలో పెడుతూ, "ఎవరికీ చెప్పకురా. తెలిస్తే ఇక్కడ బండి ఆపేవాడుండడు."

"ఏం చెప్పకూడదు?" అన్నాడు రుఫీనో, ఏమీ ఎరగనట్టు.

మర్నాడు టాక్సీ ఒక్క తిప్పుకే స్టార్టయింది. షెడ్డు ముందు నుంచి పోతూ రోజూ చెయ్యి ఊపే రుఫీనో, ఆవేళ దాని బదులు రెండుసార్లు హారన్ కొట్టాడు.