గరుకంటే పడని డాక్టరు

మా సువిగ్న్యో డాక్టరు లెక్కలో లోకంలో ఒకటే పాపం: గరుకు. అబద్ధమాడినా ఊరుకుంటాడు గానీ, గరుకు తగిలిందంటే ఊరుకోడు. మా మలాంగ్ పట్నంలో పళ్లకు క్లిప్పులు వేసే డాక్టరయ్యాడు కాబట్టి సరిపోయింది. ఏ వడ్రంగో అయ్యుంటే ఊళ్లో చెట్లన్నీ నున్నగా చిత్రిక పట్టేసేవాడు.

మాంసం ఉండల సూపు బండి దగ్గర కూర్చుంటే ముందు చెంచా అంచు నాలుకతో తడుముతాడు. "గరుకు! ఇంకోటివ్వు." మూడో చెంచాకి బండామె సుమియాతికి ఒళ్లు మండింది. "అయ్యా, తింటారా, నాకుతూ కూర్చుంటారా?"

పైగా అరవై దాటిన మనిషి, పళ్లకి క్లిప్పులు! మా దగ్గర అవి కుర్రకారు సోకు. పళ్లు చక్కగా ఉన్నా సరే, సంతలో పెట్టించుకుని ఇకిలిస్తూ తిరుగుతారు. "ముసలాయనకి రెండో పెళ్లి యావ పుట్టింది" అని వీధంతా చెవులు కొరుక్కుంది. ఆయన దగ్గర పనిచేసే నేనూ పళ్లికిలించాను.

మొన్న నింగ్రుమ్ వచ్చింది. పెళ్లిళ్లలో పాడే మేళంలో పిల్ల. మర్నాడే మొదటిసారి అందరికన్నా ముందు నిలబడి పాడాలి. ఆ సంబరంలో సంతకెళ్లి నీలం తళుకుల క్లిప్పులు పెట్టించుకుంది. బుగ్గ లోపలంతా పుండ్లు, నోరు తెరిస్తే కన్నీళ్లు.

డాక్టరు సన్నటి మొనున్న సలాకతో గీకి చూశాడు. "ఇది క్లిప్పా, ముళ్లకంచా? ఇంత గరుకైతే తీగ జారదు, పన్ను కదలదు, పాచి మాత్రం కాపురం పెడుతుంది. తీసిపారేస్తా!"

"వాటిని తీసేస్తే మేళంవాళ్లు నన్ను తీసేస్తారండీ! ఉత్త పళ్లతో పాడితే ఎవరు చూస్తారు?"

"చూడ్డానికొస్తారా, వినడానికా?"

"రెండింటికీ!"

"ఏడవకు. నీ పళ్లకి వంకర ఎలాగూ ఉంది, నావి పెడతా. నున్నటివి."

"అవీ కొయ్యవని ఏంటి నమ్మకం? తెగేది నా బుగ్గ, మీదా?"

ఆయన మెల్లిగా తన పెదవి పక్కకి లాగి చూపించాడు. అమ్మో, లోపల ఎన్ని మచ్చలో! కొత్త సరుకు వచ్చినప్పుడల్లా అందులోంచి ఒకటి ముందు తన నోట్లో కట్టుకుంటాడట. కోసిందా, పెట్టె మొత్తం వెనక్కే. పెళ్లి యావట! మా మొహాలు మండ.

"నీ బుగ్గకి తెలిసేకన్నా నా బుగ్గకి తెలియడం నయం కదే, వెర్రిదానా" అన్నాడు.

పిల్ల నోరు తెరిచింది.

మర్నాడు పెళ్లిలో గొంతు విప్పి పాడింది చూడండీ, పందిరి ఊగిపోయింది. భోజనాల దగ్గర అందరూ మాంసం లాగిస్తుంటే మా డాక్టరు ఒక్కడే గంజి జుర్రుతున్నాడు.

"అదేంటండీ?" అన్నాను.

బుగ్గ పట్టుకుని మూలిగాడు. "పొద్దున కొత్త సరుకొచ్చిందమ్మా. రేపు ఆ పెట్టె వెనక్కి పంపించెయ్."