ఎర్ర సిరా చీటీ

ఈ ఉదయం ఆస్పిరిన్ బిళ్ళ వేసుకుని వంటింట్లోకి వచ్చేసరికి, గంపలో మాగుతున్న చిన్నరసాల వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు డాక్టరు శేషగిరి గారు గుర్తొస్తారు. నూజివీడులో మా వీధి చివరే ఆయన ఆసుపత్రి ఉండేది.

ఎనభైల మొదట్లో మాట. మాది మామిడిపళ్ళ వ్యాపారం, మాగవేసే గది నాది. గడ్డి కదపకుండా గుమ్మంలో నిలబడే ఏ మూల పండిందో, ఏ మూల కుళ్ళుతోందో చెప్పేదాన్ని. ముక్కులో కండ పెరిగి ఆ గొప్ప కాస్తా పోయింది. చెప్పుకోవడానికి నామోషీ వేసి, కళ్ళతో చూస్తూ నెట్టుకొచ్చాను. ఓసారి డాక్టరు గారింటికి పంపిన బుట్ట అడుగున కుళ్ళిన పండు వెళ్ళింది. సాయంత్రం ఆయనే వచ్చారు, చీవాట్లు తప్పవనుకున్నాను. “వాసన తెలియట్లేదు కదమ్మా? ఎన్నాళ్ళయింది?” అన్నారు మెల్లగా. నాకు ఏడుపొచ్చేసింది.

విజయవాడలో ఆపరేషన్ చేయించారు. ఏడాది తిరక్కుండా కండ మళ్ళీ పెరిగింది, ఆయాసం తోడైంది. అప్పుడే తలనొప్పికని ఆయనిచ్చిన ఆస్పిరిన్ వేసుకున్న గంటకు ఊపిరాడక పడిపోయాను. ఇంజెక్షన్లు చేసి ఆయనే బతికించారు. గది నిండా రోగులుండగానే నా చీటీ మీద ఎర్ర సిరాతో ‘ఆస్పిరిన్ ఇవ్వకూడదు’ అని రాసి, “ఇది నా పొరపాటండీ. ముందే ఆలోచించాల్సింది” అన్నారు మా ఆయనతో. డాక్టరు నోట అలాంటి మాట మేమెన్నడూ వినలేదు.

కొన్నేళ్ళకు ఓ వైద్య పత్రిక పట్టుకొచ్చారు. “మద్రాసు పెద్దాసుపత్రిలో కండ తీసి, ఆపైన ఆస్పిరినే పిసరంతతో మొదలుపెట్టి పెంచుతారట. ఒంటికి అలవాటయ్యాక రోజూ వేసుకుంటూ ఉంటే కండ అంత త్వరగా పెరగదట. ఇంట్లో మాత్రం ముట్టుకోకూడదు.”

“నన్ను చంపబోయిన బిళ్ళేనాండీ?”

“అదేనమ్మా. భయం నాకూ ఉంది. అందుకే నేనూ వస్తాను.”

అన్నట్టే ఆసుపత్రి మూసి మరీ వచ్చారు. కండ తీశాక బిళ్ళ మొదలుపెడితే, మూడో మోతాదుకు ఛాతీ పట్టేసింది. అక్కడి డాక్టర్లు మందిచ్చి, సర్దుకున్నాక మళ్ళీ అదే మోతాదు ఇచ్చి, మెల్లగా పెంచుకుంటూ పోయారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన నా నాడి పట్టుకుని, లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టడం చూశాను. విచిత్రంగా, నా భయం అప్పుడే తగ్గింది.

మరుసటి వేసవిలో మాగవేసే గది గుమ్మంలో నిలబడితే తూర్పు మూల నుంచి కుళ్ళు వాసన వచ్చింది! గడ్డి తీసి, ఆ పండూ, నా చీటీ పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని పగలబడి నవ్వారు. ఎర్ర సిరా చీటీ ఆయన ముందు పెట్టి, “ఇంక ఇది కొట్టెయ్యండి” అన్నాను.

“ఉండనీ అమ్మా. నాలుగు రోజులు మందు మానేస్తే మళ్ళీ మొదటికొస్తావు, అప్పుడు ఆ బిళ్ళే మళ్ళీ ప్రాణం మీదికి తెస్తుంది. అయినా పొరపాటు నాది, కొట్టేస్తే పోతుందా?”

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బిళ్ళతో కడుపులో మంట వస్తుంది, దానికింకో బిళ్ళ. నిరుడు నా తొందర వల్ల పచ్చివాసన పోని సరుకు హనుమాన్ జంక్షన్ షాపుకు వెళ్ళిపోయింది. షావుకారు వచ్చి మా కూలీల మీద అరుస్తుంటే వాళ్ళు తలలు దించుకున్నారు. నేను ముందుకు వెళ్ళి, అందరూ వినేలా, “ఇది నా పొరపాటండీ” అన్నాను.