సుద్దపొడిలో కొడవలి గీత

1967 సెప్టెంబరు. ఎన్నికలు అయిపోయాయి. మారిషస్‌కు స్వాతంత్ర్యం వస్తుందని అందరికీ తెలుసు, ఏ రోజున వస్తుందో ఎవరికీ తెలియదు. నేను అప్పుడు ప్లెజాన్స్ విమానాశ్రయంలో ఎయిర్‌క్రాఫ్ట్ ఫిట్టర్‌ని. విమానాల ఇంజిన్లు విప్పి, చూసి, తిరిగి బిగించడం నా పని. దేశాలు దాటే పెద్ద విమానాల జోలి మాకు లేదు. హ్యాంగర్ అనే రేకుల షెడ్డులో ఒక పక్కన చెరకు తోటల యజమానుల చిన్న విమానాలు ఉండేవి, ఇద్దరు కూర్చునేవి. వాటి మంచిచెడ్డలు మాత్రమే మావి.

ఆ వృత్తిలోనే తల నెరిసింది. నువ్వు చూసిన ఇంజిన్లలో గుర్తుండిపోయింది ఏదని ఎవరైనా అడిగితే, ఒక్క రోజు కూడా గాలిలోకి లేపకూడని ఇంజిన్ ఒకటి చెబుతాను. దాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. దాన్ని వెతకబోయి ఒక మనిషిని తెలుసుకున్నాను.

ఆ ఇంజిన్‌ను విమానం నుంచి దించింది నేనే. దాని లోపల తిరిగే ఇరుసును క్రాంక్‌షాఫ్ట్ అంటాం. ఇరుసు ముందు కొనకే ప్రొపెల్లర్ బిగిస్తాం. ఆ కొన మీద నాకు అనుమానం వచ్చింది. ఇనుములో పగులు పుట్టినా మొదట్లో కంటికి కనిపించదు. అందుకు మాకొక పాత పద్ధతి ఉంది. అనుమానం ఉన్న చోటును నూనెలో నానబెట్టి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లుతాం. పగులులో దాక్కున్న నూనె నెమ్మదిగా పైకి ఊరి, తెల్లటి పొడి మీద నల్లటి గీత పడుతుంది. ఆ రోజు ప్రొపెల్లర్‌ను పట్టి ఉంచే గాడి మూలలో మొదలై, కొంత దూరం తిన్నగా నడిచి, చెరకు నరికే కొడవలిలా వంగిన గీత కనిపించింది. ఇంజిన్‌ను కండెమ్ చేశాం, అంటే ఇక పనికిరాదని తేల్చాం. ఎర్ర రంగు పూసి, ఇంగ్లండు పంపడానికి చెక్కపెట్టెలో పెట్టాం.

ఓడకెక్కించే రోజు వచ్చింది. నలుగురం కలిసి పెట్టె ఎత్తబోతే అది తేలిగ్గా లేచింది. లోపల గోనెసంచులు తప్ప ఏమీ లేవు. బల్ల మీద ఉండాల్సిన కార్బురేటర్, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు కూడా పోయాయి.

అనుమానం ముందు వాచ్‌మన్ మీదికే పోతుంది కదా. మా వాచ్‌మన్ అప్పలసామి మామ. వరసకు మామ కాదు. రోజ్ బెల్ ఊళ్లో మా తెలుగువాళ్ల భజన గోష్ఠికి పెద్ద, అందుకని చిన్నవాళ్లందరికీ మామే. శనివారాల గోవింద పూజల్లో నిలువెత్తు ఇత్తడి దీపాన్ని నడుమ పెట్టి, చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ స్వామి నామం పాడతాం. ఆ దీపాన్ని పూజగదిలోంచి ఎత్తి తెచ్చే భాగ్యం మామది. ఆయన తండ్రి తరువాత ఆయనకు వచ్చింది. దీపం ఎత్తేవాడి చేతికి మచ్చ ఉండకూడదన్నది మా పెద్దల కట్టు.

దొరలు ఆయన్ని ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. మా పెద్దలు పిలిచి, మెల్లగానే, దొంగ పేరు తేలేదాకా దీపం ముట్టవద్దన్నారు. మామ మొదటిదానికి తలవంచి ఊరుకున్నాడు. రెండోదానికి మాత్రం ఆయన ముఖం చూడలేకపోయాను.

దర్యాప్తుకు సార్జెంట్ జోసెఫ్ వచ్చాడు. ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ మనిషి, ఓపికమంతుడు. హ్యాంగర్‌లో ఎవరినీ గద్దించలేదు. ముందుగా నన్ను కూర్చోబెట్టి, ఇటువంటి ఇంజిన్ నేల మీద ఎవరికి పనికొస్తుందో చెప్పమన్నాడు. ఇది గాలితో చల్లబడే ఇంజిన్ అని చెప్పాను. ప్రొపెల్లర్ గాలి తగలకుండా నడిపితే కాసేపటికే కాలిపోతుంది. నీళ్ల పంపుకో మిల్లుకో పెట్టుకునేవాడు కూడా దానికి పెద్ద రెక్క ఏదో తగిలించక తప్పదు. అసలు భయం అక్కడే ఉందని చెప్పాను. రెక్క తగిలించి వేగంగా తిప్పిన రోజున ఆ ఇరుసు పగులు దగ్గర విరుగుతుంది. రెక్క ఎగిరి ఎదుట ఎవరుంటే వాళ్లను నరికేస్తుంది.

సార్జెంట్ ఆలోచన మరోలా ఉంది. ఈ సంగతి బయటికి పొక్కకూడదన్నాడు. కొన్నవాడు ధైర్యంగా ఇంజిన్ మొదలుపెడితే, ఆ చప్పుడు దాగేది కాదు, ఊరే మనకు చెబుతుంది. పోలీసులకు తెలిసిపోయిందని వింటే దాన్ని సముద్రంలో పడేస్తాడు. అది తప్పు ఆలోచనేమీ కాదు, నేనూ సరేనన్నాను. వాంగ్మూలానికి వచ్చిన మామ ఆ పక్కనే కూర్చుని అంతా విన్నాడు.

"సార్జెంట్, ఆ రెక్క ఎగిరితే మనిషి చచ్చిపోతాడంటున్నాడు కదా మా అబ్బాయి?"

"పోవచ్చు. కానీ అప్పలసామి, చాటింపు వేస్తే ఇంజిన్ దొరకదు. ఇంజిన్ దొరకకపోతే దొంగ దొరకడు. చచ్చేదాకా నువ్వే వొలేర్‌వి, దొంగవి."

మామ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సముద్రంలో పడితే ఎవరూ చావరు. నా పేరుదేముంది, స్వామికి తెలుసు. చెప్పేద్దాం."

సార్జెంట్ నాకేసి తిరిగి, ఈయన్ని ఆపే అధికారం నాకు లేదు అన్నాడు.

ఆ శనివారం రోజ్ బెల్‌లో భజన ముగిసింది. దీపం వేరొకరు ఎత్తారు. మామ గుంపులో చివరన నిలబడి పాడాడు. అరిటాకులు వేసే ముందు పెద్దల అనుమతి అడిగి ముందుకొచ్చి చెప్పాడు. విమానం ఇంజిన్ ఒకటి ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరో ఉంది. ఎవరు తీశారో, ఎవరు కొన్నారో తాను అడగడం లేదు. దాని ఇరుసులో పగులుంది. దాన్ని తిప్పితే ప్రాణం పోతుంది. ఇదే చెప్పి చేతులు జోడించాడు.

కొట్టు నడిపే ఒకాయన వెనకనుంచి అన్నాడు:

"ఏం అప్పలసామీ, అమ్మిన సరుక్కి జబ్బుందని చెప్పే దొంగను నిన్నే చూస్తున్నాం."

అందరూ నవ్వారు. మామ కూడా కొంచెం నవ్వాడు.

"అలాగే అనుకో తమ్ముడూ. ఇంజిన్ మాత్రం తిప్పనివ్వకు."

మరుసటి శనివారం మరో ఊరు, అక్కడా ఇదే మాట, ఇటువంటి నవ్వులే. చెరకు తోటల్లో కూలీలకు చెప్పాడు, మాయెబూర్‌లో చేపలు పట్టేవాళ్లకు చెప్పాడు, రోజ్ బెల్ సంతలో కూరగాయల బుట్టల మధ్య నిలబడి చెప్పాడు. శాస్త్రం విన్నవాళ్లం మేమంతా. పరుల ప్రాణం కోసం తన పేరు వదులుకోవడం గొప్పదని పురాణం చెప్పే చోట తలలూపుతాం. నా కళ్ల ముందు ఒక మనిషి ఆ పని చేస్తుంటే, ఎండలో ఆయన పక్కన నడవడమే నాకు పెద్ద పుణ్యం అనిపించింది.

సంత జరిగిన మరునాడు మామ ఇంటికి ఒక ముసలామె వచ్చింది. పేరు సింహాచలమ్మ. ఆమె కొడుకు గురయ్య లారీలు బాగుచేసే మెకానిక్, చేతిలో మంచి పనితనం ఉన్నవాడు. మామ వెంటనే నన్ను పిలిపించాడు. ఆమె అరుగు మీద కూర్చుని, కొంగుకు ముడివేసిన తాళంచెవిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"నా కొడుకు దొంగ కాదు బాబూ, ఒట్టి ఆత్రగాడు. ఎయిర్‌పోర్టు వాళ్లు పారేసిన ఇనుమని చెప్తే కొన్నాడు. దాన్ని పడవకు బిగించి, ఆదివారం నా మనవల్ని ఆ పడవ ఎక్కిస్తానన్నాడు. నిన్న సంతలో ఈయన మాట విన్నాను. ఇంటికి పోయి షెడ్డుకి తాళం వేసేశాను. వాడు తిట్టాడు, తిట్టనీ."

"ఈ మాట పోలీసుకు చెప్పాలి అక్కా," అన్నాడు మామ.

"అందుకే కదా నీ దగ్గరికి వచ్చింది. నువ్వు పక్కనుంటే చెప్తాను."

ఆ సాయంత్రమే సార్జెంట్‌తో కలిసి షెడ్డుకు వెళ్లాం. పగడపు దిబ్బల లోపల సముద్రం లోతుండదు. మామూలు పడవ మోటారు రాళ్లకు తగులుతుంది. అందుకని గురయ్య పడవ వెనక గాలిలో తిరిగే రెక్క పెట్టాడు. కార్బురేటర్‌కు, మాగ్నెటోలకు బదులు లారీ సామాను అమర్చాడు. పనస చెక్కతో తనే చెక్కాడు ఆ ప్రొపెల్లర్‌ను. చేత్తో తడిమి చూశాను. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు, రెండు కొనలూ సరితూగాయి. అంత చక్కటి రెక్కను అంత చెడ్డ ఇరుసుకు బిగించాడు.

కాని ఇది మా ఇంజినేనని కోర్టులో ఎలా చెప్పడం? అంకెలున్న రేకును పీకేశారు. ఇంజిన్ ఒంటి మీద గుద్దిన నెంబరును ఆకురాయితో అరగదీశారు. ఎర్ర రంగును పెట్రోలుతో కడిగేశారు. దీవిలో అటువంటి ఇంజిన్లు మరికొన్ని ఉన్నాయి. అప్పుడు నేను సుద్దపొడి సంగతి చెప్పాను. సార్జెంట్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

"ముందు ఆ పగులు బొమ్మ గీయండి. తరువాతే ఇంజిన్ ముట్టుకోండి," అన్నాడు.

గాడి మూల, తిన్నటి గీత, కొడవలి వంపు గీసి ఇచ్చాను. ఆయన సాక్షులతో సంతకాలు చేయించి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెక్క విప్పాం. నూనెలో నానబెట్టాం, తుడిచాం, సింహాచలమ్మ మనవడి పలక మీది సుద్ద నూరి చల్లాం. అందరం చుట్టూ నిలబడ్డాం. గీత పైకి ఊరుతూ ఊరుతూ వచ్చి, కొన దగ్గర వంగింది. సార్జెంట్ కాగితం విప్పి పక్కన పెట్టాడు. నెంబర్లు చెరిపినవాడికి ఈ గుర్తు ఉందనే తెలియదు, ఇక చెరిపేదెలా?

అమ్మినవాడెవరో గురయ్య అప్పుడు చెప్పాడు. ఖాళీ పెట్టెలు మోసుకుపోయే కాంట్రాక్టరు దగ్గరి లారీ డ్రైవరు. పట్టపగలే కూలీలతో మా పెట్టెను ఖాళీ పెట్టెల కింద పెట్టించి, దాని చోట మరో పెట్టె వదిలి, గేటు దాటిపోయాడు. కార్బురేటర్, మాగ్నెటోలు క్యూర్‌పైప్‌లో అతని ఇంట్లో దొరికాయి.

"వాడికి గేటు కర్ర ఎత్తింది నేనే," అన్నాడు మామ. "నమస్తే కూడా పెట్టాను."

సార్జెంట్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నా పద్ధతిలో పోయి ఉంటే ఈ ఇంజిన్ దొరికేదే అప్పలసామి. ఆసుపత్రి గుమ్మంలో దొరికేది."

పైవాళ్లు మామను ఉద్యోగంలోకి తీసుకున్నారు. తరువాతి శనివారం పెద్దలే దీపం దగ్గరికి చెయ్యి పట్టి నడిపించారు. కొట్టాయన అందరి ముందూ వచ్చి కాళ్లకు దండం పెట్టబోతే మామ ఆపి, తాళాలు చేతికిచ్చి, గట్టిగా వాయించమన్నాడు. దీపం ఎత్తి తెచ్చి నడుమ నిలిపాక, వత్తి మాత్రం తాను వెలిగించలేదు. సింహాచలమ్మను పిలిచాడు.

కోర్టు పని తెమిలి ఇరుసు మా హ్యాంగర్‌కు తిరిగొచ్చేసరికి మార్చి దాటింది. విమానాశ్రయం మీద కొత్త జెండా ఎగురుతోంది. ఇరుసును బల్లకున్న వైస్ దవడల మధ్య బిగించాను. గురయ్యను, మామను పిలిచాను. సమ్మెట గురయ్యకే ఇచ్చాను. ఒక్క దెబ్బ వేశాడు. కొడవలి గీత వెంట పుటుక్కున విరిగి, ముక్క నేల మీద దొర్లింది. గురయ్య సమ్మెట దించి గోడకు ఆనుకున్నాడు. మామ ముక్క తీసి, విరిగిన చోట వేలితో రాసి, "గోవిందా" అన్నాడు.

ఎర్ర రంగు కడిగితే పోతుందని ఆ కేసు నాకు నేర్పింది. ఆ తరువాత నేను కండెమ్ చేసిన ఏ ఇరుసూ ముక్కలు కాకుండా నా బల్ల దాటలేదు. నా కింద పని నేర్చుకున్నవాళ్లకూ అదే అలవాటు చేశాను. విరగ్గొట్టేటప్పుడు ఎందుకని వాళ్లు అడుగుతారు. అప్పుడు అప్పలసామి మామ సంగతి చెబుతాను.