అక్క చూడని కోట

నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. మొన్న తిరుత్తణిలో అక్క ఇంటికి వెళ్ళాను. అక్క కోడలి ఫోన్‌లో మన కాలపు వీడియో ఆట, గుంతలు దాటుతూ గెంతేది, కనిపించగానే అక్క ఫోన్ లాక్కుంది. ఇన్నేళ్ళయినా ఆ ఆట చూస్తే వేళ్ళు ఊరుకోవు. మీకూ గుర్తుందా, క్యాసెట్‌ను ఉఫ్‌మని ఊది పెట్టెలో దూర్చడం? ఊదితే ఏమవుతుందో నాకీనాటికీ తెలీదు, ఊదకపోతే మాత్రం మనసొప్పదు.

మాది మగ్గం ఇల్లు. నాయన మగ్గం ఆపి, పాత దారాల కొసలకు కొత్త పడుగు పోగులు అతికే రోజున మాత్రమే అక్కకు నూలు కండెలు చుట్టే పని ఉండేది కాదు. ఆ రోజే ఆట. చివరి కోట దాకా వచ్చేది, అంతలో నాయన, "అతికేసినా, లెయ్ పాపా, కండెలు చుట్టు" అనేవాడు. ఆపితే మళ్ళీ మొదటి నుంచే. కోట లోపల ఏముందో అక్క ఎన్నడూ చూడలేదు.

మొన్న అదే కోట ముందు, గెంతబోయే క్షణాన, తెర నిండా చీరల ప్రకటన! మూయబోతే ఫోన్‌లో వాళ్ళ చీరల అంగడి తెరుచుకుంది, ఆట పోయింది. ఆడేవాళ్ళ నోటి దగ్గర ముద్ద లాక్కునే వీళ్ళకు సిగ్గుందా?

"పోనీలే అక్కా, మళ్ళీ ఆడు," అన్నాను.

"నాయన లేపినాడంటే పనుండి లేపినాడు. వీడెవుడ్రా నన్ను లేపేదానికి?" అంది అక్క.