మొద్దు కార్నెట్

లిఫ్టులు బాగుచేసే అతన్ని బ్యాండులో అందరూ లిఫ్టన్న అంటారు. పగలంతా ఎవరో ఒకరి మేడలో గ్రీజు పూసుకోవడం, సాయంత్రం చేతులు తోముకుని కార్నెట్ బూర పట్టడం. ఇరవై రెండేళ్లుగా ఇదే బతుకు. ముందు వరుసలో మొదటి కుర్చీ అతనిది. ఇప్పుడు ఆ కుర్చీకే ఎసరొచ్చింది. అతని కార్నెట్ వాల్వులు అరిగిపోయి సందుల్లోంచి గాలి పోతోంది.

"ఆదివారం లోపల గాలి నిలిచేది తెచ్చుకో. లేకపోతే వెనక్కి పోయి పెద్ద డ్రమ్ము కొట్టుకో," అని బ్యాండు మాస్టారు అందరి ముందూ అనేశాడు.

కొత్తది కొనే తాహతు లేదు. శనివారం బావమరిదిని వెంటబెట్టుకుని పాత వాయిద్యాల కొట్టుకి వెళ్లాడు.

అడుగు పెట్టగానే వాసన గుప్పుమంది. తడి గుడ్డలు, పాలిషు, పాత ఉమ్మి అన్నీ కలిసిన కంపు. గాజు బీరువాలో మూడు కార్నెట్లున్నాయి. మొదటిదాని గొట్టంలో వేలు పెడితే పచ్చటి చిలుము, దాని వెనకే నల్లటి జిగురు అంటుకొచ్చాయి. ఎప్పుడో పోయినవాళ్ల ఎంగిలి!

"కడిగితే పోతుందండీ," అన్నాడు కొట్టతను పళ్లు కుట్టుకుంటూ.

"మీరే కడిగి పెట్టొచ్చుగా?"

"కడిగితే పాతదని ఎవరు నమ్ముతారు?"

బావమరిది పకపకా నవ్వాడు. లిఫ్టన్న వేలిని గోడకి తుడుచుకున్నాడు.

రెండోది అద్దంలా మెరుస్తోంది. బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి వంగి మళ్లీ లేచింది. పాలిషు పట్టీ పట్టీ ఇత్తడిని కాగితం చేశారు. మూడోది నల్లబారి, సొట్టలు పడి, మొద్దు మొహం పెట్టుకుని ఉంది. రేకు మాత్రం దిట్టం. వాల్వు నొక్కకుండా పక్క గొట్టం లాగి చూశాడు. గాలి నిలిస్తే టప్‌మనాలి. ఉస్సుమంది. మెరిసేదాన్ని లాగితే టప్‌మంది.

"చూశారా, అది బంగారం! రెండూ ఒకే కంపెనీవి, అయినా ఎంత తేడానో," అన్నాడు కొట్టతను.

లిఫ్టన్నకి అనుమానమొచ్చి రెండింటి వాల్వులూ విప్పాడు. తయారుచేసినవాడు ప్రతి వాల్వునీ దాని గొట్టంలోకి చేత్తో అరగదీసి అమరుస్తాడు, రెండింటి మీదా ఒకే నంబరు కొడతాడు. ఇక్కడ నంబర్లు తారుమారయ్యాయి. మొద్దుదాని మంచి వాల్వులు చిక్కటి నూనె పూసుకుని మెరిసేదాని కడుపులో కూర్చున్నాయి, మెరిసేదాని అరిగిపోయినవి మొద్దుదాంట్లో.

"ఛీ! దీని పేగులు తీసి దానికి పెట్టాడ్రా వెధవ," అని గొణిగాడు.

"అయితే వాణ్ణి కడిగెయ్ బావా!"

కడిగితే వాడు సరిచేసి మొద్దుదాని ధర ఆకాశానికి ఎత్తుతాడు. చూస్తే ఆదివారం రేపే. ఇంతలో ఫోను మోగింది, కొట్టతను మాట్లాడుతూ గుమ్మంలోకి వెళ్లాడు. లిఫ్టన్న చేతులు వాటంతటవే కదిలాయి. ఏ నంబరు వాల్వుని ఆ నంబరు గొట్టంలోకి దించడానికి నిమిషం కూడా పట్టలేదు.

"ఈ మొద్దుది ఇవ్వండి. సొట్టలున్నాయి, చూసి ధర చెప్పండి," అన్నాడు లిఫ్టన్న, కొట్టతను రాగానే.

"తీసుకెళ్లండి బాబూ, దాన్నెవరూ ముట్టుకోవట్లేదు."

కాగితం చుడుతుండగా ఒకావిడ వచ్చి మెరిసేదాన్ని చేతిలోకి తీసుకుంది.

"మా నాన్న ఈ నెలే రిటైరయ్యారు. తీరిగ్గా ఇది నేర్చుకుంటారట," అని లిఫ్టన్న వైపు తిరిగింది. "మీరు వాయిస్తారా అన్నయ్యా? ఇది మంచిదేనా?"

బావమరిది పైకప్పు కేసి చూశాడు. నిజం చెబితే వాల్వులు విప్పాలి. విప్పితే తన చేతిలోది పోతుంది.

"చూడ్డానికి బాగుందమ్మా," అన్నాడు లిఫ్టన్న.

ఆవిడ సంబరపడి దండం పెట్టింది. కొట్టతను అతనికేసి చూసి సొంతమనిషిలా కన్ను కొట్టాడు. లిఫ్టన్నకి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది.

వీధిలోకి రాగానే బావమరిది భుజం చరిచాడు. "దొంగకే టోపీ పెట్టావు బావా!"

"నోర్ముయ్."

ఆదివారం మొదటి కుర్చీ అతనిదే. మాస్టారు తల పంకించాడు. ఊళ్లో ఇంకో మూల ఒక పెద్దాయన ఊదీ ఊదీ, లోపం తన ఊపిరిలోనే ఉందనుకుంటూ ఉంటాడు. అది తెలిసే లిఫ్టన్న మొదటి పాట ఎత్తుకున్నాడు.