రాహుకాలంలో మేనేజరుగారు

ఒక్క వేలితో ఆఫీసు మొత్తాన్ని ఆపేసిన మనిషి కథ చెబుతాను, వినండి. ఆ ఘనకార్యం కంప్యూటర్లు చూసే బాషాది అని కర్నూలులో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాపం, అతనికి ఏమీ తెలియదు. చేసింది నేను.

మాది డ్రిప్పు పైపుల కంపెనీ. అందరి మీటింగులూ ఆఫీసు మెయిల్లో ఒకే క్యాలెండరులో ఉండేవి. దాన్ని చూసుకునేది నేనే. ఒక గురువారం సాయంత్రం, ఆ మీటింగులు నా ఫోనులోని పంచాంగం పక్కనే కనిపిస్తే బాగుంటుందని రెండింటినీ కలిపాను. మీటింగులు ఫోనులోకి వచ్చాయి. పంచాంగం కూడా ఊరుకోలేదు, పిలవని పెళ్లికి బంధువులతో సహా వెళ్లినట్టు ఆఫీసులోకి వెళ్లింది. రాహుకాలం, దుర్ముహూర్తం, వర్జ్యం, అన్నీ మా ఆఫీసులోని పద్నాలుగు మంది పేర్ల మీదా మీటింగుల్లాగే ఎక్కి కూర్చున్నాయి.

మర్నాడు పొద్దున బద్వేలు రైతు సొసైటీవాళ్లు పెద్ద ఆర్డరు గురించి పదకొండుకు వస్తామని మెయిలు పెట్టారు. మా మెయిలు తనంతట తానే జవాబిచ్చింది: "మేనేజరుగారు రాహుకాలంలో ఉన్నారు. వీలుపడదు."

మా మేనేజరుకు ఇలాంటి నమ్మకాలంటే ఒళ్లు మంట. బాషాను పిలిపించారు.

"ఏమప్పా బాషా, నాకే రాహుకాలం పెడతాండావా?"

"సార్, శుక్రవారం నాకు నమాజు టైము తెలుసు. రాహుకాలం నాకేం తెలుసు సార్!"

"పన్నెండు లోపల ఎవరు చేసినారో చెప్పు. ల్యాకుంటే సోమవారం నుంచి బద్వేలు గోడౌనులో ఉంటావు."

బాషా నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఇంట్లో ఆమెకు నెలలు నిండినాయి. ఇడిసిపెట్టి ఎట్ల పోయేది? నీకేమన్నా తెలుసునా?"

"చూస్తాండా బాషా," అన్నాను. నిజంగానే చూస్తున్నాను, గడియారం వైపు. ఒప్పేసుకుందామని పది నలభైకే లేచాను. కానీ రాహుకాలం పన్నెండు దాకా ఉంది కదండీ! అంత మంచి పని చెడ్డ ఘడియలో ఎలా మొదలుపెట్టను?

పన్నెండు దాటి ఒక్క నిమిషం కాగానే మేనేజరు గదిలోకి దూరాను. బాషా బదిలీ కాగితం అప్పటికే బల్ల మీద ఉంది.

"సార్, అది కలిపింది నేనే."

"పొద్దున్నుంచి యాడ పోయింటివప్పా?"

"రాహుకాలం దాటనీలే అని, సార్."

మేనేజరుగారు పెన్ను తీశారు. కాగితం మీద బాషా పేరు కొట్టేసి నా పేరు రాశారు. తర్వాత తన కంప్యూటరులో క్యాలెండరు తెరిచారు.

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం ఉండాది. సరిగ్గా ఎనిమిదికి బస్సెక్కు."

ఆ బస్సులోనే, కిటికీ కమ్మీ పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఒక క్యాలెండరును ఇంకో క్యాలెండరుతో కలపను. ఇప్పుడు నా పంచాంగం గోడ మేకుకు వేలాడుతోంది. అది ఎవరికీ మెయిలు పెట్టదు.