తప్పిపోయిన గొర్రె పాఠం

మా బడిలో నీతి పాఠాలు చెప్పడం నా వంతు. శ్రీరంగనీతులు చెప్పినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఇదొక్కటేనని మా ఆయన ఆటపట్టించేవాడు. ఆయన పోయాక కూడా ఆ పీరియడు నాకే ఉంది. డిసెంబరులో పెద్ద టీచరు పిలిచి, ఈ వారం ఏసుక్రీస్తు గురించి చెప్పమంది. సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరేననేదాన్ని.

మాది డిండోలిలో, పని కోసం వలస వచ్చిన తెలుగువాళ్ల పిల్లల బడి. వాళ్ల తండ్రులు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తారు. నేనూ అలాంటి ఇంట్లో పుట్టినదాన్నే. మా ఆయన రంగుల మిల్లులో సూపర్‌వైజరు. వానాకాలంలో ఒక పొద్దున టీ తాగుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. నేను ఏడవలేదని మా అత్తగారు అంత దుఃఖంలోనూ నన్ను వింతగా చూసింది. ఏడుపు రాకపోతే ఎక్కణ్ణుంచి తెచ్చేది? దినాలు అయ్యాక చుట్టాలందరూ వెళ్లిపోయారు. నేను తలుపు వేసుకుని మంచం మీద కూర్చున్నాను. ఎవరైనా తలుపు కొడితే, ఆ చప్పుడు ఆగేదాకా అలాగే కూర్చునేదాన్ని. సెలవు అయిపోయాక బడికి వెళ్లాను. తిన్న అన్నం రుచి తెలిసేది కాదు. పిల్లలు అల్లరి చేస్తే కోపమూ వచ్చేది కాదు. అంతకుముందు నా కోపానికి బడంతా హడలిపోయేది.

ఏసుక్రీస్తు అనగానే ముందు బెంచీలో ఒకడు చెయ్యెత్తాడు.

"మాల్ కాడ ఎర్రటోపీ పెట్టుకోని ఉంటడు, గాయినే గదా టీచర్?"

"ఆయన వేరు, ఈయన వేరు."

"మరి ఈయన ఏమిస్తడు?"

వెనకటి నేనైతే నవ్వేదాన్ని. పశువుల కొట్టంలో పుట్టాడనీ, వడ్రంగి ఇంట్లో పెరిగాడనీ, తప్పు చేసినవాణ్ణి క్షమించమన్నాడనీ, పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమన్నాడనీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. నీళ్ల పంపు కాడ రోజూ మా అమ్మతో కొట్లాడే పక్కింటామెను కూడానా అని ఒకడు అడిగాడు. ఆమెను కూడా అన్నాను. వాడికి ఆ మాట నచ్చలేదు.

తర్వాత తప్పిపోయిన గొర్రె కథ. ఒక కాపరికి వంద గొర్రెలు. ఒకటి మందలో నుంచి తప్పిపోతుంది. అతను తొంభై తొమ్మిదింటినీ వదిలేసి దాన్ని వెతుక్కుంటూ పోతాడు.

"గంత మందను ఇడిసిపెట్టి పోతే ఎవడన్న ఎత్కపోడా టీచర్?" అన్నాడు పక్కింటామెను ప్రేమించడం ఇష్టంలేనివాడు.

నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

"గట్ల కాదురా. మా నాయిన ఎన్ని సాంచాలు చూస్తడు? ఒక్కదాంట్ల తార్ తెగిందనుకో. మిగిలినయ్ నడుస్తనే ఉంటయ్, ఆయన మాత్రం గా ఒక్కదాని కాడికే ఉరుకుతడు. పోగు అతకకుంటె బట్ట ఖరాబైతది గదా."

క్లాసుకంతా అర్థమైంది. నేను చెప్పాల్సింది ఆమే చెప్పేసింది కాబట్టి పుస్తకం మూశాను. ఆ అమ్మాయి మాత్రం కూర్చోలేదు.

"మరి నా పక్కన కూసునే పిల్ల రాక మస్తు దినాలైంది టీచర్. మీరు పోతరా?"

రోజూ హాజరు వేసేటప్పుడు ఆ పిల్ల పేరు పిలిచేదాన్ని. పలుకు లేకపోతే తర్వాతి పేరుకు వెళ్లేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ పూట లోకువైంది నేనే. పోతానని మాటిచ్చాను. మనసు కరిగి కాదు, అందరూ నావైపే చూస్తుంటే పోనని చెప్పే ఓపిక లేక.

ఆ పిల్ల నాకు బాగా తెలుసు. బడి వదిలాక వద్దన్నా వినకుండా నా సంచి పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. దారంతా వాగుడే. సాయంత్రం వాళ్ల గల్లీకి వెళ్లేసరికి, గుమ్మంలో చీర పరుచుకుని తల్లీ కూతురూ దానికి మెరుపురాళ్లు అంటిస్తున్నారు.

"రాండ్రి టీచరమ్మ," అని తల్లి చీర పక్కకు జరిపింది. "దీనికి చెప్పి చెప్పి యాష్టకొచ్చింది. బడికి పొమ్మంటె పోనంటది, ఎందుకో చెప్పది. ఇగ ఆదివారం మా అక్కోళ్ల ఊరు కామ్‌రేజ్ తోలుతున్న. ఆడ పోరగాళ్లను చూసుకుంట పడుంటది."

నేను గడప మీద కూర్చుని, బడికి ఎందుకు రావడం లేదని అడిగాను. పిల్ల తలెత్తలేదు. ఒక రాయి అంటించి, అది ఊడదని వేలితో అదిమి చూసుకుంది.

"సారు చనిపోయిన్రని చెప్తే మీ ఇంటికొచ్చిన టీచర్," అంది. "తలుపు కొట్టిన. లోపట ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడైతుండె. మీరు తియ్యలే. తెల్లారి మల్ల వచ్చిన. గప్పుడు గూడ తియ్యలే. ఎనక మీరు బడికొచ్చిన్రు గని, నాతోని మాట్లాడలే. సంచి పట్టుకుంటనంటె గూడ ఇయ్యలే. నా మీద కోపమొచ్చిందనుకున్న."

ఆ చప్పుడు నాకు గుర్తుంది. మెల్లగా కొట్టి, ఆగి, మళ్లీ కొట్టిన చప్పుడు. ఎవరో పాల డబ్బుల కోసం వచ్చారనుకుని ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను. తనొచ్చి సంచి అడిగింది మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

సిగ్గేసింది. ముఖమంతా వేడెక్కింది. ఆయన పోయాక నాకంటూ ఏదైనా అనిపించడం అదే మొదలు. కాపరి పాఠం చెప్పి వచ్చినదాన్ని, నన్ను వెతుక్కుంటూ ఇంత పిల్ల వచ్చి తిరిగి వెళ్లిపోయింది.

"కోపం లేదు బిడ్డా," అన్నాను.

అప్పుడు తలెత్తి చూసింది. "మరి గప్పుడు లోపట్నే ఉన్నరా?"

"లోపట్నే ఉన్న."

తను చేతికంటిన జిగురు గౌనుకు తుడుచుకుంటుంటే తల్లి వీపు మీద ఒకటి వేసింది. పిల్ల పట్టించుకోలేదు.

"రేపు పొద్దుగాల మీ ఇంటికాడికొస్త టీచర్, సంచి పట్టుకుంట," అంది. "ఈసారి తలుపు తియ్యుండ్రి."